పాఠకుని మాట - రచయిత ఋణం

అభిజ్ఞాన శాకుంతల నాటకం ఆరంభంలో సూత్రధారుడు తన సంకోచాన్ని దాచుకోడు. విద్వాంసులు సంతృప్తి చెందేవరకు తన ప్రయోగ నైపుణ్యం మీద తనకు నమ్మకం కుదరదంటాడు. భవభూతి ధోరణి వేరు. తన కృతిని చులకన చేసేవారిని తలచుకొని, కాలానికి హద్దు లేదనీ, భూమి విశాలమైనదనీ, తన వంటి స్వభావం గలవాడు ఎప్పుడో ఎక్కడో పుట్టకపోడనీ మాలతీమాధవ ప్రస్తావనలో ధైర్యం చెప్పుకున్నాడు. ఒకరు ఎదుట కూర్చున్న సభ వంక చూశారు, మరొకరు రాబోయే కాలం వంక చూశారు. అయితే వినేవాడు ఒకడు ఉండాలన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు.

రచయితకు పాఠకుని అభిప్రాయం ఎందుకు అవసరం? పొగడ్త ఎవరికైనా ఇష్టమే. నలుగురూ మంచి మాట అంటే పుస్తకం నాలుగు ప్రతులు ఎక్కువ అమ్ముడుపోతుంది. ఇవి నిజాలే కాని చిన్న నిజాలు. ఇంతకంటె లోతైన కారణాన్ని మన ఆలంకారికులు ఎన్నడో గుర్తించారు. ప్రతిభ రెండు విధాలని రాజశేఖరుడు కావ్యమీమాంసలో విభజించాడు. కావ్యాన్ని నిర్మించేది కారయిత్రి, దానిని గ్రహించి అనుభవించేది భావయిత్రి. రెండవది లేకపోతే మొదటిదాని శ్రమ కాపు లేని చెట్టు వంటిది. చదవడం కూడా ప్రతిభేనని చెప్పడంలో పాఠకునికి ఎంత గౌరవం ఉన్నదో, అంత బాధ్యతా ఉన్నది.

రచయిత ఎంతటివాడైనా తన రచనను పరాయివానిలా చదవలేడు. కాగితం మీద లేనిదానిని మనసులో ఉన్నది పూరిస్తుంది. తాను రాయదలచినదానిని రాసినట్లే భ్రమిస్తాడు. ఆ భ్రమను తొలగించగలవాడు ఆ మనసుకు వెలుపల ఉన్న మనిషి ఒక్కడే.

ఈ సత్యం నాకు ఒక పోస్టుకార్డు వల్ల బోధపడింది. చాలా ఏళ్ల క్రితం ఒక వారపత్రికలో నా కథ అచ్చయింది. తుపాను రాత్రి, చూరు నుంచి ధారలు కారుతుండగా, ఒక నేత కార్మికుడు కూతురి పెళ్లి ఖర్చుల కోసం తెల్లవార్లూ మగ్గం నేస్తాడు. శ్రమైక జీవనాన్ని గొప్పగా చిత్రించానని మిత్రులు మెచ్చుకున్నారు. వారం తిరగకుండానే నేతవృత్తిలోని పాఠకుడొకరు నాలుగు వాక్యాల కార్డు రాశారు. వాన పడితే గుంటమగ్గం గుంటలోకి నీరు ఊరుతుంది, అందులో కాళ్లు పెట్టి నేయడం కుదరదు. వీధిలో పడుగు సాచి గంజి పెట్టే వీలుండదు. తుపాను రోజుల్లో మా ఇళ్లలో పని ఉండదు, పస్తు ఉంటుంది. తమరు ఒకసారి వచ్చి చూస్తే సంతోషిస్తాము. ఇదీ ఆ కార్డు సారాంశం.

మొదట నాకు కోపం వచ్చింది. కథలో ఇటువంటి చిన్న పొరపాట్లు లెక్కలోనివా అని సమాధానపడ్డాను. జవాబు రాయలేదు. కాని ఆ కార్డు నన్ను వదలలేదు. అది చూపినది వృత్తి వివరంలోని పొరపాటును మాత్రమే కాదు. ఆకలి ఉన్నచోట నేను శ్రమ సౌందర్యాన్ని పెట్టాను. ఆ మనిషి కష్టాన్ని నా వాక్యాలకు అలంకారం చేసుకున్నాను. కథను సంపుటిలో చేర్చేనాటికి ఆ ఘట్టం తిరగరాశాను. ఆగిపోయిన మగ్గం పక్కన తండ్రీ కూతుళ్లు మాటలు లేకుండా కూర్చున్నారు. సంపుటి ఒక ప్రతి పంపుదామని వెదికితే కార్డు దొరకలేదు. ఆ ఋణం అలాగే మిగిలిపోయింది.

అయితే పాఠకుని మాట వినడమంటే పాఠకుని ఆజ్ఞకు లోబడటమా? కానే కాదు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో ప్రచురించిన 'మాదొరుబాగన్' నవల మీద 2014 చివరలో ఆందోళన చెలరేగింది. 2015 జనవరిలో, తనలోని రచయిత మరణించాడని ఆయన ప్రకటించవలసి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు తీర్పు ఆయన పక్షాన వచ్చిన తరువాతనే తిరిగి కలం పట్టారు. నచ్చలేదని చెప్పే హక్కు పాఠకునికి సంపూర్ణంగా ఉన్నది. రాయవద్దనే హక్కు లేదు. పోస్టుకార్డు రాసిన ఆ నేత కార్మికుడు నన్ను బెదిరించలేదు, వచ్చి చూడమన్నాడు. విమర్శకూ నిర్బంధానికీ మధ్య గీత అక్కడే ఉన్నది.

భావకులను రాజశేఖరుడు నాలుగు తెగలుగా చెప్పాడు. ఏదీ రుచించనివారు, గడ్డితో సహా అన్నిటినీ ఆరగించేవారు, అసూయాపరులు, తత్త్వాన్ని పట్టుకొనేవారు. చివరి తెగవారు అరుదు. పుస్తకానికి ఐదు నక్షత్రాలో ఒక నక్షత్రమో వేసి ఊరుకొనే ఈ రోజుల్లోనూ ఆ విభజన పాతబడలేదు. బాగుంది, బాగులేదు అన్నంతలో రచయితకు దక్కేది స్వల్పం. ఎక్కడ మనసు కరిగిందో, ఎక్కడ నమ్మకం సడలిందో, తనకు తెలిసిన జీవితంతో ఏది పొసగలేదో చెప్పినప్పుడే పాఠకుడు రచనలో భాగస్వామి అవుతాడు.

కనుక పాఠకుడు రచయితకు బాకీపడినది ప్రశంస కాదు, నిజాయితీ. రచయిత పాఠకునికి బాకీపడినది విధేయత కాదు, శ్రద్ధ. తనకు తెలిసిన సత్యాన్ని నాలుగు వాక్యాలలో రాసి పంపడానికి పాండిత్యం అక్కరలేదు. ఆ కార్డు పంపిన వ్యక్తి తనను తాను విమర్శకుడని ఎన్నడూ అనుకొని ఉండడు. నేను మాత్రం అప్పటి నుంచి ఏది రాసినా, అచ్చుకు పంపే ముందు ఒకసారి ఆయన కళ్లతో చదువుకుంటున్నాను.