నీ మాట పక్కన ఎవరి మాట నిలబడుతోందో చూసుకో

నాయనా,

దిబ్బూరహళ్ళిలో కూర్చుని రేష్మె (పట్టు) సాగు గురించి నువ్వు తెలుగులో రాస్తున్నవన్నీ వదలకుండా చదువుతున్నాను. చాకీ (చిన్న) పురుగుల పెంపకం, ఊజీ ఈగ బెడద, శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్ సంగతులు మన ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పు? నీ కష్టం చూస్తే కడుపు నిండుతుంది.

ఈమధ్య నీ సైట్‌లో గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు పెట్టావు. ఖర్చులకైనా డబ్బులు వస్తాయని అనుకుని ఉంటావు. అందులో తప్పేమీ లేదు. కానీ పెద్దవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ ప్రకటనలు తెచ్చే చిల్లర కన్నా నీ మాట మీద రైతుకున్న నమ్మకం చాలా విలువైనది. మొదటిదాని కోసం రెండోదాన్ని పోగొట్టుకోవద్దు.

యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. తెలుగు పేజీలకు 2018లో వచ్చింది. అది నీ పేజీలోని మాటలను ఏరుకుని, చదివేవాడు అంతకుముందు ఏమేం చూశాడో కూడా చాలాసార్లు లెక్కలోకి తీసుకుని, కంపెనీల మధ్య రెప్పపాటులో వేలం పెడుతుంది. పాట గెలిచినవాడి ప్రకటన నీ రాత మధ్యలో వచ్చి కూర్చుంటుంది. ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి. నీ పాఠకుడికి ఏది కనబడిందో నీకే తెలియదు. యంత్రం మాటలను పోలుస్తుందే గానీ, నువ్వు ఒక పని చెయ్యమన్నావో వద్దన్నావో దానికి పట్టదు.

నేను కళ్ళారా చూసిందే చెబుతాను. టమోటా తోటలో కొట్టిన పురుగుమందు గాలికి పక్కనున్న మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు మేసిన పురుగులు చచ్చిపోతాయని రాశావు. నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచి, ఇంకొక వారంలో గూళ్ళు కట్టడానికి చంద్రికలకెక్కాల్సిన పురుగులు కళ్ళముందే రాలిపోతే ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో చక్కగా చెప్పావు. ఆ పేజీలోనే, రెండు పేరాల నడుమ, పురుగుమందు ప్రకటన! చదివే రైతుకు నీ మాట ఏదో, అమ్మేవాడి మాట ఏదో ఎలా తెలుస్తుంది? నువ్వే ఆ మందు కొట్టమన్నావని అనుకుంటే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?

ఇంకొకటి. బోరు ఎండిపోయిన బాధ గురించి రాసినచోట, అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్ ప్రకటన వచ్చి పడవచ్చు. 2020 చివర్లో హైదరాబాదులో అలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు కేసులు పెట్టారు, గుర్తుంది కదా. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీళ్ళు పడక, అప్పు ఎక్కడ పుడుతుందా అని చూసేవాడి కంట ఆ ప్రకటన నీ పేజీలో పడకూడదు.

పోనీ, ఇంతా చేస్తే వచ్చేదెంత? పది డాలర్లు చేరాక చిరునామా సరిచూడటానికి పిన్ నంబరు పోస్టులో వస్తుంది. నాలుగు నెలల్లో అది ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. వంద డాలర్లు పోగయితే గానీ డబ్బు చేతికి రాదు. కొద్దిమంది చదివే సైట్‌కు అది నెలల మాట, ఒక్కోసారి ఏళ్ళ మాట. తొందరపడి వాట్సాప్‌లో చుట్టాలందరినీ "ఒకసారి నొక్కండి" అని అడిగావా, ఖాతా మూసేస్తారు, పోగైనది కూడా పోతుంది. పైగా ఆ ప్రకటనల బరువుకు, సిగ్నల్ సరిగా లేని పల్లెలో నీ పేజీ తెరుచుకోవడమే ఆలస్యం.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఏ మాటకు ఎక్కువ డబ్బు వస్తోందో రోజూ చూసుకోవడం అలవాటైతే, రాత మెల్లగా అటు మొగ్గుతుంది. గూళ్ళ గురించి రాసే చెయ్యి ఇన్సూరెన్స్ గురించి, లోన్ల గురించి రాయడం మొదలుపెడుతుంది. ఇవాళ నిన్ను వెతుక్కుంటూ వచ్చే రైతు అప్పుడు ఎందుకు వస్తాడు?

డబ్బు వద్దని నేను అనను. రాసేవాడి కడుపూ నిండాలి. మన చుట్టుపక్కలే మల్బరీ నారు పెంచేవాళ్ళు, చాకీ కేంద్రాలవాళ్ళు, తట్టలు, చంద్రికలు అమ్మేవాళ్ళు ఉన్నారు. నువ్వు వెళ్ళి, సరుకు చూసి, నలుగురిని విచారించి, నచ్చినవాడి దగ్గర నెలకింత అని మాట్లాడుకో. "ఇది ప్రకటన" అని పైన స్పష్టంగా రాసి పెట్టు. అడిగినవాడికి "నేను చూశాను" అని ధైర్యంగా చెప్పగలవు.

అంతవరకూ యాడ్‌సెన్స్ ఉంచుకోక తప్పదంటే, ప్రకటనలను అడ్డుకునే సెట్టింగ్ అందులోనే ఉంది. అప్పులు, జూదం లాంటివి ఈ రోజే ఆపెయ్యి. రోగాలు, మందుల గురించి రాసిన పేజీల్లోంచి మాత్రం ప్రకటనలు పూర్తిగా తీసెయ్యి. అక్కడ పొరపాటు జరిగితే పోయేది రైతు పంట. వారానికొకసారి ఇంట్లో వేరేవాళ్ళ ఫోన్‌లో నీ సైట్ తెరిచి, నీ మాట పక్కన ఎవరు నిలబడ్డారో నువ్వే చూసుకో.

చల్లగా ఉండు నాయనా. రాయడం మాత్రం మానొద్దు.