చలిమిడి కట్టని ప్రయాణం

మా అడవులదీవిలో కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు చలిమిడి కడతారు. నానిన బియ్యం దంచి, ఆ పిండి తడి ఆరకముందే బెల్లం పాకంలో పోసి కలుపుతుంది అమ్మ. వేడి ముద్దకు నెయ్యి రాసి గడప దగ్గర పిల్ల ఒడిలో పెడుతుంది. అలా పంపితే కన్నకడుపు చల్లగా ఉంటుందంటారు. పోయినవాళ్లకు పిండం ఉంది, తద్దినం ఉంది. బతికుందో లేదో తెలియని కూతురికి ఏం చేయాలో మాత్రం ఏ పెద్దమ్మా చెప్పలేదు.

నిజాంపట్నం రేవులో నిలబడితే ఇదే గుర్తొస్తుంది. మడ అడవులు దాటితే బంగాళాఖాతం, దాని ఆవలి ఒడ్డు బర్మా. ఎగువ రేవుల నుంచి ఓడెక్కి కూలికి వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలనేవారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకని లక్షలమంది అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు పట్టి నడిచారు. ఆకలికీ కలరాకీ వేలమంది దారిలోనే రాలిపోయారు. ఆ తోపులాటలో తల్లి చెయ్యి జారిన పిల్లలెందరో!

1964లో రెండో వలస. బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. జీవితమంతా కూడబెట్టింది రేవులోనే వదిలి, జనం మళ్లీ ఓడలెక్కారు. బర్మీయుణ్ణి కట్టుకున్న కూతురు అక్కడి మనిషి, ఆమె తల్లి పరాయిది. రంగూన్ ఉన్నచోటే ఉంది, సముద్రమూ పెరగలేదు. తల్లీకూతుళ్ల మధ్యకు ఒక కాగితం వచ్చింది, అంతే. ఆ తల్లి గడప దాటిన రోజున చలిమిడి కట్టేదెవరు? వెళ్తున్నది తనే.

మా వైపు పాత ఇళ్ల ద్వారబంధాలు చూపించి, “అసలు బర్మా టేకండీ” అని ఇప్పటికీ గొప్పగా చెబుతారు. ఆ దేశపు చెక్క మన గుమ్మమై పసుపు రాయించుకుంది. అక్కడి నుంచి తిరిగొచ్చిన మన మనుషులు మాత్రం విశాఖలో బర్మా క్యాంపు వాళ్లయ్యారు.

అలాంటి కాలనీలో ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే, ఎప్పుడొచ్చారమ్మా అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం పక్కన కూర్చుని, ఎవర్ని వదిలి వచ్చారమ్మా అని అడగండి.