చదివి వినిపించువారు

ఈ వారము నా ఫోనునకు ఒక పట్టిక వచ్చినది. జన్మకొకసారి యైనను చదువవలసిన నూరు పుస్తకములని దానికి పేరు. పంపినవాడు మా వీథిలోనే యుండు యువకుడు, ఉద్యోగస్థుడు, బుద్ధిమంతుడు. మరునాడు కనబడినపుడు, "నాయనా, వీటిలో నిన్ను రాత్రి నిద్రపోనీయని పుస్తక మేది?" అని యడిగితిని. "ఇంకా ఏదీ మొదలెట్టలేదండి. మంచి లిస్టు కదాని నలుగురికీ పంపానండి" అనెను. ఆ పిల్లవానిపై నాకు కోపము లేదు గాని, ఆ మాట మాత్రము మనస్సును నొప్పించినది. తాను దిగని రేవునకు లోతు చెప్పుట గోదావరి యొడ్డున పుట్టినవారికి తగునా? మంచి పుస్తకము చదివినవాని ముఖమే వేరు. దానిని గూర్చి ఎవరికైన చెప్పువరకు వానికి తోచదు. చెప్పుచు చెప్పుచు, ఆగలేక, లోపలికి పోయి ఆ పుస్తకమునే తెచ్చి, తనకు నచ్చిన చోటు వెదకి పట్టి, "ఇదిగో, ఇది వినండి" అని చదువ నారంభించును. పుస్తకమును మరియొకరికి అందించుట యనగా నా దృష్టిలో నదియే. ఈ ఉదయము నేను మనవి చేయదలచిన దొక్కటే మాట: నూరు పేర్లు పంపుటకంటె ఒక్క పుట చదివి వినిపించుట మేలు.

ఈ మాట తలపునకు వచ్చినపుడెల్ల నాకు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. 1867లో ఖండవల్లిలో జన్మించి, వీరవాసరమునను నరసాపురమునను చదివి, రాజమహేంద్రవరము చేరి, ఇక్కడనే మెట్రిక్యులేషను ముగించి, ఈ యూరి బడులలోనే ఉపాధ్యాయులై, ఈ యూరినే తమ సాహిత్యక్షేత్రముగా చేసికొనిన ఆ మహనీయునకు బాల్యమునుండియు దృష్టి మందము. దానికి తోడు రేచీకటి. ప్రొద్దు గ్రుంకినదా, పుస్తకములోని యక్షరము ఆయనకు లేనట్లే. అప్పుడు తోడి విద్యార్థులు పాఠములు చదివి వినిపించుచుండగా, ఆ బాలుడు విని, విన్నదానిని విన్నట్లు మనస్సున నిలుపుకొని, చదువు సాగించెను.

ఆ సహాధ్యాయులు తామొక గొప్ప కార్యము చేయుచున్నామని ఎన్నడైన తలచియుందురా? ఎట్లును చదువుకొనవలసిన పాఠమే. ప్రక్కవానికి వినబడుటకు గొంతు కొంచెము పెంచిరి, అంతియే. ఆ కొంచెపు గొంతు నుండి ఆంధ్రులకు గయోపాఖ్యానము వచ్చినది. 1894లో చింతామణి పత్రిక నవలల పోటీలో బహుమతి గెలుచుకొనిన రామచంద్రవిజయము వచ్చినది. గణపతి నవల వచ్చినది. ఆ గణపతియే పిమ్మట నాటకమై విజయవాడ ఆకాశవాణి నుండి వెలువడగా ఇంటిల్లిపాదియు రేడియో చుట్టు చేరి విని నవ్విన దినములు శ్రోతలలో పెద్దలు మరచియుండరు. చూపు బొత్తిగా పోయిన పిమ్మటను పంతులుగారు సాహిత్యమునకు దూరము కాలేదు. వారు చెప్పుచుండ ఇతరులు వ్రాసిరి. ఇతరులు చదువుచుండ వారు వినిరి. ఆంధ్రులు ఆయనను ఆంధ్ర మిల్టనని పిలుచుకొనుటలో ఎంతటి యాదరము కలదో, ఆయనకు చదివి వినిపించిన గొంతులకు కూడ అంతటి యాదరము చెందవలసియున్నదని నా విశ్వాసము.

ఇంతకంటె నన్ను కదలించు విషయ మొకటి కలదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన, మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు ఉత్సాహవంతులు ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులను బెజవాడకు పిలిపించి, అక్కడి రామమోహన గ్రంథాలయమున తొలి మహాసభ జరిపి, ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించినపుడు, ఆ సభకు అధ్యక్షపీఠము నెవరికిచ్చిరి? చిలకమర్తి వారికి. ఊరూర పుస్తకశాల వెలయవలెనని కోరిన మహోద్యమమునకు తొలి సభాపతి, దీపము వెలిగించిన పిమ్మట పుస్తకము చదువజాలని మనిషి. కంటితో చదువలేనివానికి గ్రంథాలయ మేల యని ఆనాటి పెద్దలెవ్వరికిని తోచలేదు. పుస్తక మనునది నలుగురు కూడి అనుభవించునదని వారెరుగుదురు.

దూరదేశమున ఇటువంటిదే మరియొకటి జరిగినది. అర్జెంటీనా జాతీయ గ్రంథాలయమునకు 1955లో అధిపతియైన బోర్హెస్ అను మహారచయితకు అప్పటికే చదువ వీలుకానంతగా చూపు పోయినది. తరువాత కొన్నేండ్లకు, పుస్తకముల యంగడిలో పనిచేయు మాంగ్వెల్ అను కుర్రవాడు సాయంకాలములందు ఆయన యింటికి పోయి చదివి వినిపించుచుండెను. ఆ కుర్రవాడు పెద్దవాడై, పఠనముయొక్క చరిత్రనే గ్రంథముగా వ్రాసి, 2016లో అదే గ్రంథాలయమునకు తాను అధిపతి యయ్యెను. చదివి పెట్టుటలో విన్నవానికే లాభమని తలచువారు ఈ కథ విందురుగాక.

ఇక్కడికి వచ్చునప్పటికి నా మనస్సు మరియొక దిక్కునకు పోవుచున్నది; పోనిండు. కోనసీమ పల్లెలో నేనెరిగిన యొక తెలుగు మాష్టారున్నారు. నీటికాసులు కమ్మి చూపు పోయినది. శుక్లములైనచో ఆపరేషనుతో మరల వెలుగు చూచెడివారు. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు. పిల్లలు అమెరికాలో నున్నారు, డబ్బునకు లోటులేదు, పుస్తకముల బీరువాలు నిండుగా నున్నవి. మొన్న పూర్వవిద్యార్థులు కొందరు వచ్చి, శాలువ కప్పి, పుస్తకముల కట్ట నొకటి చేతబెట్టి, పాదములకు మ్రొక్కి, ఫోటోలు తీసుకొని, కార్లెక్కి వెడలిరి. ఆయన ఆ కట్టను ఒడిలో నుంచుకొని నాతో, "ఏవండీ, ఇవేంటో కాస్త పేర్లు చదివి పెడతారా?" అనిరి.

ఒక్కొక్కటే పేరు చదివితిని. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' వచ్చినంతనే చేయి చాచి, "ఆగండాగండి, అది మొదలెట్టండి" అనిరి. పొలమూరులో, వేదశాస్త్రములే విద్యగా నున్న యింట పుట్టి, తెలుగుపై వలపుతో ఆ దారి విడిచి వచ్చిన శాస్త్రిగారి మాట ఒక్కొక్కటియు వినుచు, కొన్ని వాక్యములను నాకంటె ముందే అందుకొనుచు, నేను తొందరపడిన చోట "మళ్ళీ చదవండి, ఆ మాట సుఖంగా లేదు" అని దిద్దుచు, ఆయన మరల తరగతి గదిలోని మాష్టారైరి. వెనుక నేను స్వయముగా చదివిన పుస్తకమే అది. దానిలో నేను వినకుండ దాటిపోయిన దెంతయో ఆనాడు తెలిసినది.

శాలువ కప్పినవారిని నేనొకటి యడుగుదును. మీకు పద్యము నేర్పిన గొంతు ఆయనది. కట్ట విప్పి ఒక్క పుట చదువుటకు మీకు తీరిక లేకపోయినదా? ప్రయాణపు తొందర యుండును, కాదనను. కాని మన యూళ్ళలో ఇటువంటి యిండ్లు ఎన్ని లేవు! మధ్యాహ్నపు వేళ కథల పుస్తకము లేనిదే తోచని అమ్మమ్మలు, ప్రతిదినమును గౌతమీ గ్రంథాలయమునకు నడచిపోయి పత్రికలన్నియు తిరగవేసి వచ్చిన తాతగారలు, నేడు ఏమియు పట్టని చూపుతో టీవీ ముందు కూర్చున్నారు. మనము వారికి మందులిచ్చుచున్నాము, వేళకు భోజనము పెట్టుచున్నాము. చదువరి యాకలిని మాత్రము ఎవ్వరును అడుగుట లేదు. ఫోనులో రికార్డు చేసిన పుస్తకములు దొరకునని చెప్పుదురు. మంచిదే, పెట్టి ఇండు. కాని ఆ యంత్రము "ఈ మాట మీకెట్లు తోచినది తాతగారూ" అని యడుగదు, తప్పు చదివినదని కోపపడుటకును వీలులేదు.

కాలేజీ పిల్లలారా, ఈ సాయంకాలము మీ వీథిలో అట్టి వారెవరున్నారో కనుగొనుడు. పుస్తకము మీరు తీసికొని పోవలదు. ఏది కావలెనో వారినే యడుగుడు. వారి బీరువాలో లేనిచో గ్రంథాలయమునుండి తెచ్చి పెట్టుడు. 1898లో నాళం కృష్ణారావుగారు తమ యౌవనారంభముననే వసురాయ గ్రంథాలయమని నాటిన మొక్కయే ఈనాటి గౌతమి, కావున పిల్లలు అడుగు పెట్టుట దానికి క్రొత్త కాదు. అరగంట చాలును. నెమ్మదిగా చదువుడు. మధ్యలో వారేదైన చెప్పబోయినచో పుస్తకమున వ్రేలు పెట్టుకొని వినుడు. వచ్చునపుడు పుట గుర్తు పెట్టి, మరల ఏ రోజు ఎన్నిగంటలకు వత్తురో చెప్పి రండు; చెప్పినచో తప్పకుండ పొండు, ఏలన వారు అరగంట ముందే వచ్చి అరుగుమీద కూర్చుండియుందురు.