నోరులేని వాటి పక్షమున

ధ్యానభాగము: సంఖ్యాకాండము 22:21–34



బిలాము తన గాడిదను మూడుమారులు కొట్టెను. త్రోవలో కత్తి దూసి నిలిచిన దూత ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడెను. దేవుడు దాని నోరు తెరచెను. తరువాత దూత బిలామును మొదట అడిగినది ఆ దెబ్బల లెక్కయే.

ఆ గాడిదకు దేవుడు నోరిచ్చెను. ప్రయోగశాలలోని కుందేలు పక్షమున ఎవరు మాటలాడుదురు?

అమెరికా దేశములో 1944లో ఒక పరీక్ష ఏర్పడెను. కుందేలును తల మాత్రము వెలుపల ఉండునట్లు పెట్టెలో బిగించి, ముఖమునకు పూసికొను వస్తువులు మొదలగు వాటిని దాని కంటిలో వేసి, ఏ హాని కలుగునో దినముల తరబడి చూచెడివారు. 1980లో న్యూయార్కు నగరమున హెన్రీ స్పైరా అను ఉపాధ్యాయుడు పత్రికలో పూర్తి పుట ప్రకటన వేయించి, ఒక పెద్ద కంపెనీని దీనిగూర్చి నిలదీసెను. ఆ సంవత్సరాంతమునకే వేరు పద్ధతి వెదకుటకు ధనమిచ్చెదమని ఆ కంపెనీ ఒప్పుకొనెను.

అంతకు చాలా ముందే దైవజనులు ఈ పనికి పూనుకొనిరి. 1824లో లండనులో ఆర్థర్ బ్రూమ్ అను పాదిరిగారు జంతుహింసను మాన్పుటకు సంఘమును కూర్చి, దాని అప్పుల నిమిత్తము చెరసాలకు వెళ్లిరి. గనులలో, మిల్లులలో నలిగిన పిల్లల కొరకు పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువే, ప్రయోగములకు హద్దు పెట్టిన 1876 చట్టము కొరకును పాటుపడెను. కనికరము ఒక్క గుమ్మమువద్ద ఆగిపోవునది కాదు.

అయితే సత్యమును దాచకూడదు. చిన్నతనమున మమ్మును పిచ్చికుక్క కరచినప్పుడు బొడ్డుచుట్టు సూదులు వేసిరి. ఆ మందు రోగమంటించిన గొఱ్ఱెల మెదడునుండి చేయబడినదని పెద్దవారమైన తరువాత తెలిసికొంటిమి. గొఱ్ఱె చచ్చెను, మేము బ్రదికితిమి. కాబట్టి రోగి మంచముప్రక్కన నిలిచి, ఆ మందు వద్దని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని ఆ మందువలన కొందరికి పక్షవాతము కూడ కలిగెడిది. మన దేశములో 2004తో దాని వాడుక ఆగెను. నేడు పాత్రలలో పెంచిన జీవకణములనుండి చేయు మందు వచ్చినది. గొఱ్ఱెకు బాధ తప్పెను, బిడ్డకు అపాయము తగ్గెను. మేలైన దారి వెదకువారికి దేవుడు దారి చూపును. 2014లో అందపు సామగ్రి కొరకు జంతువులపై చేయు పరీక్షలను మన దేశము నిషేధించెను.

ప్రియులారా, ప్రయోగశాల మనకు దూరము. మన దొడ్డి దూరము కాదు. కాళ్లు కట్టి తలక్రిందులుగా సంతకు మోసికొనిపోవు కోళ్లు, ఎండలో నీళ్లులేక నిలిచిన దూడ, ముల్లుకఱ్ఱ గాయముతో దున్ను ఎద్దు, ఇవి ఎవరి చేతి పనులు? నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగి యుండునని సామెతలు 12:10 బోధించుచున్నది. ఈ వారము ప్రార్థనకు మోకరించుటకు ముందు ఒకసారి దొడ్డిలోనికి వెళ్లి చూతము. బిలామును అడిగిన దూత మనలను అడిగిన, ఏమి చెప్పుదము?

పిచ్చుకను మరువని తండ్రి మనకు మెత్తని చేతులు దయచేయును గాక. ఆమేన్.