భరతుని లేడి, హార్లెమ్ పులి

భాగవత పంచమస్కంధమున భరతుని కథ చదివినప్పుడెల్ల నాకొక సందేహము మిగులుచుండెడిది. రాజ్యమును తృణప్రాయముగ విడిచి గండకీతీరమున తపమాచరించుచున్న ఆ మహానుభావుడు, సింహగర్జనకు బెదరి యేరు దాటనెగసిన నిండుచూలాలి గర్భమునుండి జారి ప్రవాహమున కొట్టుకొనిపోవుచున్న లేడికూనను ఒడ్డు చేర్చి, పచ్చిక మేపి, ఒడిలో నిడుకొని పెంచుట దోషమెట్లగును? దయయే దోషమైనచో ధర్మమునకు నిలువనీడ యేది?

2003 అక్టోబరులో న్యూయార్కు నగరమందలి హార్లెమ్‌లో, ఒక ప్రభుత్వ గృహసముదాయపు అయిదవ అంతస్తున బయటపడిన పులి నా సందేహమును కొంత తీర్చినది. మింగ్ అను ఆ పులిని కొన్ని వారముల కూనగా తెచ్చినవాడు మురిపెముగనే సాకెను. ఆ మురిపెమును నేను శంకింపను. కూన 180 కిలోలకు మించి యెదిగినది, ఇల్లు మాత్రము ఎదుగలేదు. తుదకతడు గాయములతో ఆసుపత్రికి పోయి, కుక్క కరచినదని బొంకవలసి వచ్చెను. ఒక పోలీసు పైనుండి తాడుపట్టి గోడవెంట దిగి కిటికీగుండ మత్తుసూది ప్రయోగింపగా, అడవినెన్నడును చూడని ఆ మృగము గర్జించుచు కిటికీమీదికే దుమికెను.

ఏటినుండి కూనను చేదుకొన్న భరతుని చేతియందు తప్పు లేదు. అది తనంత తాను మేయనేర్చిన పిమ్మట, కనబడని ప్రతి గడియయు అతని కన్నులు వెదుకులాడెనే, తప్పు అచట మొదలైనది. పైగా భరతుని కూన దైవవశమున తల్లిని కోల్పోయినది. అమెరికాలో పులికూనలను పలువురు వర్తకులు జనము ఎత్తుకొని ఫొటోలు దిగుటకై తల్లినుండి వేరుచేసిరి, ఫొటోకు పనికిరానంత పెరిగినచో ఎవరో ఒకరికి అంటగట్టిరి.

2011 అక్టోబరు 18న ఒహాయోలోని జేన్స్‌విల్‌లో ఇట్టి మృగములను పోగుచేసిన ఒక భూస్వామి, వాని బోనులు తెరచి తన్ను తాను కాల్చుకొనెను. చీకటి పడుచున్నది, ఊరు చేరువ. పోలీసులు గత్యంతరము లేక కాల్చిరి. మరునాటికి ఆ పొలమున వరుసగ పరచిన కళేబరములలో బెంగాల్ పులులే 18, సింహములు 17. సంగదోషము సంగము పెంచుకొన్నవానికే తగులునని పురాణము చెప్పినది. ఇచట పెంపుడుమృగమునకు తగిలినది. పెద్దపిల్లులను ఇండ్లలో ఉంచుకొనరాదని దేశమంతటికి శాసనము వచ్చుటకు 2022 డిసెంబరు 20 వరకు పట్టినది.

ఇది చూచి మనము నవ్వవలసిన పని లేదు. పంజరమున కూర్చుండబెట్టి రామనామము పలికించిన మన చిలుకయు, 1972 నాటి చట్టము ప్రకారము వన్యప్రాణియే.

మరుజన్మమున కాలంజరగిరిపై లేడియై పుట్టిన భరతునకు పూర్వస్మృతి పోలేదు. తల్లిలేడిని విడిచి పులహాశ్రమమునకు మరలివచ్చి, ఎవరి చెంతకును పోక, ఎండుటాకులు మేయుచు, ఆ మేను రాలు దినమునకై యెదురుచూచెను.