శ్వేతాద్రి సన్నిధి

స్వామీ, కొండ కనబడితే చాలు, చేతులు జోడించే జాతి మాది. ఆదిశేషుడి ఏడు పడగలే ఏడు కొండలై నిలిచాయని నమ్మినవాళ్లం. భద్రుడు తపస్సు చేసి నీకు ఆసనమైన కథను అమ్మమ్మల నోట విన్నవాళ్లం. శ్రీశైల శిఖరం కంటపడితే మరుజన్మ లేదని బస్సు కిటికీల్లోంచి మెడలు సాచి వెతికినవాళ్లం. కొండ అంటేనే నువ్వు కొలువున్న చోటని మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఇంత దూరపు ఉత్తరదేశంలో, మంచు పాలించే నేల మీద, నీ కోసం ఇన్ని ధవళగిరులను ఎప్పుడు నిలబెట్టుకున్నావయ్యా!

కెనడాలో, టొరంటో నగరపు నార్త్ యార్క్‌లో ఉండేవాళ్లకు ఆ కొండల దారి గడపలోనే ఎదురవుతుంది. 400 నంబరు హైవే మన పక్కనుంచే ఉత్తరానికి బయలుదేరుతుంది. అద్దాల మేడలు వెనకబడతాయి, పొలాలు వస్తాయి, పొలాలూ వెనకబడతాయి. ప్యారీ సౌండ్ దాటాక గులాబీ రాళ్లను చీల్చుకుంటూ సాగుతుంది రోడ్డు. చారెడు మట్టి లేని రాతి నెర్రెల్లోకి వేళ్లు దించి, గాలి వాలు ఎటో కొమ్మలన్నీ అటే చాచి నిలిచిన తెల్ల పైన్ వృక్షాలు! ఆ నెర్రెలో వాటికి అన్నం పెడుతున్నది ఎవరు స్వామీ? 637 నంబరు హైవే మీదికి మళ్లితే ఇక 67 కిలోమీటర్లు అడవే అడవి. దాని చివర, హ్యూరాన్ సరస్సు తన జార్జియన్ బే చేతిని చాచిన చోట, వందల్లో జనం ఉన్న చిన్న ఊరు కిల్లర్నీ. 1962 దాకా ఈ ఊరికి రోడ్డే లేదు. వేసవిలో పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నీళ్లే దారి. అంతకు ఎన్నో తరాల ముందు నుంచి ఊరి ముందరి నీటిపాయలో ఇక్కడి ఆదివాసులైన అనిషినాబె ప్రజల తెడ్లు పడుతూనే ఉన్నాయి, ఈ ఒడ్డు వాళ్లను కాస్తూనే ఉంది.

తలెత్తితే లా క్లోష్ పర్వతాలు. ఎండలో మెరిసే స్ఫటికశిలాశ్రేణులు, అడవి పచ్చదనంలోంచి పైకి లేచిన శ్వేతశిఖరాలు. 200 కోట్ల ఏళ్లకు ముందు ఇవి నీటి అడుగున పేరుకున్న ఇసుక. రేణువు మీద రేణువు చేర్చి, యుగం మీద యుగం మోపి, భూగర్భపు వేడిలో బిగించి, పైకెత్తి, హిమానీనదాలతో సానబట్టి నునుపు చేశావు. ఒకప్పటి మహోన్నత శిఖరాలు అరిగి అరిగి, ఇప్పుడు అన్నింటికన్నా ఎత్తైన సిల్వర్ పీక్ 543 మీటర్ల దగ్గర నిలిచింది. వయసు మీరినకొద్దీ వినయం పెరిగిన మహర్షుల్లా ఉన్నాయి ఈ కొండలు. వాటి పాదాల దగ్గర గులాబీ రంగు గ్రానైట్, దాని అంచున నీలం నీళ్లు. ఇక్కడి కొన్ని రాళ్లను తడితే గంటలా మోగుతాయట. ఆ మోతను బట్టే ఫ్రెంచి పడవవాళ్లు కొండలకు గంట పేరు పెట్టారంటారు. గుడి కట్టకముందే గంట కట్టిన స్వామివి!

నీటిపాయ ఒడ్డున దుంగలతో కట్టిన కిల్లర్నీ మౌంటెన్ లాడ్జ్ అనే బస. తలుపు తీయగానే పైన్ కలప వాసన, పొయ్యిలో చిటపటలు, కిటికీ నిండా నీళ్లు. ఇక్కడ చేయవలసిన పనేమీ లేదు. రాతి మీద కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఇంటినుంచి తెచ్చిన పులిహోర తింటూ మబ్బు నీడ కొండ మీదుగా నడవడం చూడవచ్చు. తెల్లవారుజామున పొగమంచు నీటి మీద నుంచి పలచపలచగా లేస్తుంది. అందులోంచి, వీపంతా తెల్లచుక్కల ముగ్గు పరుచుకున్న లూన్ పక్షి ఒక పొడుగాటి పిలుపు పిలుస్తుంది. అవతలి గట్టు నుంచి ఇంకొకటి బదులు పలుకుతుంది. ఏళ్లుగా అలారం మోతకు ఉలిక్కిపడి లేచిన దేహం అక్కడ తనంతట తాను మేలుకుంటుంది, తనంతట తాను నిద్రపోతుంది. నిద్ర కూడా నీ ప్రసాదమే తండ్రీ, కళ్లకద్దుకుని తీసుకోవలసినదే.

ఇక రాత్రి! ఈ అడవి ఆకాశాన్ని 2018లో చీకటి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. చీకటిని కాపాడితే నక్షత్రాలు వాటంతటవే వస్తాయి. కొండ నుంచి కొండకు పాలపుంత వంతెన. మన ఊళ్లలో తాటిచెట్ల తలలకు కాస్త పైనే కనిపించే ధ్రువుడు ఇక్కడ సగం ఆకాశం ఎక్కి కూర్చున్నాడు. మన ఊళ్లలో దిగంతం కిందికి దిగిపోయే సప్తర్షులు ఇక్కడ అస్తమించడమే లేదు, రాత్రంతా ఆ బాలభక్తుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తూనే ఉన్నారు. అదే ధ్రువుడు, అవే ఏడు దీపాలు. ఎంత దూరం వచ్చినా నీ ఆకాశం కిందే ఉన్నామని ఎంత తేటగా చూపిస్తావయ్యా!

ఈ అందం గాయం ఎరుగనిది కాదు. సమీపంలోని సడ్బరీ పట్టణపు లోహపు కొలుముల పొగ ఆమ్లవర్షమై ఈ సరస్సుల్లో కురిసింది. కొన్నింటిలో చేపే మిగలలేదు, జీవం తగ్గినకొద్దీ నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. ఆ తర్వాత పొగ తగ్గింది, వాన శుభ్రపడింది, నెమ్మదిగా, ఏళ్ల తరబడి, కొన్ని నీళ్లలోకి మళ్లీ ప్రాణం వచ్చి చేరుతోంది. అంతకుముందే, 1930ల్లో, ఎ.వై. జాక్సన్ అనే చిత్రకారుడు ఇక్కడి ఒక సరస్సు ఒడ్డున చెట్లు కూలకూడదని మొరపెట్టుకున్నాడు. ఆ సరస్సు నిలిచింది. 1964లో ఈ సీమంతా రక్షిత వనమైంది. కుంచె పట్టిన చేతిలోనూ, పొగ తగ్గించిన మనసుల్లోనూ, తిరిగివచ్చిన చేపపిల్ల రెక్కలోనూ పనిచేసినది నీ దయే.

కొండలరాయా, ఈ చల్లదనం మా ఒక్కరి దోసిలికి పట్టేది కాదు. రాత్రి షిఫ్టులో లారీ తోలే తమ్ముళ్లున్నారు, ఆసుపత్రి వార్డుల్లో నిలబడి నిలబడి కాళ్లు వాచిన అక్కలున్నారు, చదువుకుంటూ వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే పిల్లలున్నారు, మనవలను చూడవచ్చి ఇరవయ్యో అంతస్తు కిటికీ దగ్గర పొద్దు పుచ్చే అమ్మలున్నారు. నువ్వు పిలిస్తేనే ఎవరైనా నీ కొండకు రాగలరని మా పెద్దలు చెబుతారు. మమ్మల్ని పిలిచినట్టే వాళ్లనూ పిలువు తండ్రీ, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలువు.