రావలసినవి, ఇవ్వవలసినవి

కిందటి చలికాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి నన్ను బలవంతాన ఒక కచేరికి తీసుకెళ్ళింది. “విను నాన్నా, నచ్చకపోతే మధ్యలోనే వచ్చేద్దాం” అంది. బృందం పేరు రఘు దీక్షిత్ ప్రాజెక్ట్. మూడు తరాలుగా బెంగుళూరులో ఉన్నా ఆ పేరు నేను వినలేదు. గిటార్లు, డ్రమ్ములు చూసి, చెవుల్లోకి దూది తెచ్చుకోవలసింది అనుకున్నాను.

రంగుల లుంగీ, కాళ్ళకు గజ్జెలు. ఆ గాయకుడు హుక్కాను అడ్డుపెట్టుకొని వేదాంతం చెప్పే ఒక కన్నడ పాట ఎత్తుకున్నాడు. జనమంతా గొంతు కలిపారు. పాట రాక నేనొక్కణ్ణే ఊరకే నిలబడ్డాను.

“ఎవరిదమ్మా ఈ పాట?”

“శిశునాళ షరీఫ్‌ది. నీకు తెలియదా నాన్నా?”

తెలియదు. 1819లో ఇప్పటి హావేరి జిల్లాలో పుట్టి, గోవింద భట్టు అనే బ్రాహ్మణ గురువుకు శిష్యుడై, 1889లో గతించిన ముస్లిం తత్వకవి ఆయన. 1990లో నాగాభరణ ఆయన కథను సినిమాగా తీసినప్పుడు నేను బి.కాం. విద్యార్థిని. సి. అశ్వత్థ్ గొంతులో ఆ పాటలు మా వీధిలో ఎన్నిసార్లు మోగాయో! వాళ్ళ పాటలు కదా అని చెవిన పెట్టలేదు. కన్నడంలో వాటిని తత్వపదాలంటారు. మా అవ్వ పాడే బ్రహ్మంగారి తత్వాలకు దగ్గర చుట్టాలే.

నేను జమాఖర్చుల మనిషిని. మన సభల్లో, పత్రికల్లో మనం రాసుకునేవన్నీ రావలసిన పద్దులే. తెలుగు బడి, తెలుగు పంతులు, తెలుగు పుస్తకం: అన్నీ న్యాయమైన బాకీలు, ఒక్కటీ వదులుకోమనను. కానీ ఇవ్వవలసిన పద్దు లేని పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. జనవరి 19న కర్ణాటక ప్రభుత్వం వేమన జయంతి జరుపుతోంది. మన వేమనను వాళ్ళు తమ పుస్తకంలో రాసుకున్నారు. నా పుస్తకంలో షరీఫ్ ఏడీ?

తక్కువమందిమి, ముందు మనది కాపాడుకోవద్దా అని మిత్రులు అడగవచ్చు. మనం పాడనంత మాత్రాన పెద్ద భాషకు నష్టమేమిటనీ అనవచ్చు. నిజమే, షరీఫ్‌కు ఏ నష్టమూ లేదు. కానీ ఒకే బావి నీళ్ళు తాగుతూ పక్కవాడి పాట వినకపోవడం కాపాడుకోవడం కిందికి వస్తుందా?

ఆ రాత్రి ఇల్లు చేరాక, మన ఇంట్లోనూ ఇలాంటివి ఉండేవి తెలుసా అని మా అమ్మాయికి అవ్వ పాడే తత్వం ఒకటి ఎత్తుకున్నాను. రెండో చరణంలో మాట అందలేదు. అమ్మాయి ఎదురుచూస్తూ కూర్చుంది. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఇన్నేళ్ళు చెవులు మూసుకొని నేను కాపాడింది ఏమిటి?

పొద్దున్నే ఊళ్ళో ఉన్న మా పెద్దత్తకు ఫోన్ చేశాను. ఆ చరణం ఆమెకు వచ్చు. రాసుకున్నాను. దాని కిందనే, మా అమ్మాయి చెప్పగా, షరీఫ్ పాట కూడా తెలుగు లిపిలో రాసుకున్నాను.